చెప్పి ఎక్కించుడు

"ముందుగాల చెప్పు చెల్లె. తర్వాత ఎక్కిస్త" అన్నాడు లతీఫ్, కీబోర్డు మీద చేతులు ఆనించి.

గ్లోరీకి ఒళ్లు మండింది. ఆదివారం ప్రార్థన ముగియగానే ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇటే వచ్చింది. ఇంట్లో బట్టలు నానబెట్టి ఉన్నాయి. చేసిన మార్పు చూడబోతే నాలుగు వరుసలు. దానిక్కూడా ఈ మనిషికి కథంతా చెప్పాలి!

"చిన్నదేనన్నా. తేదీలు తప్పు చదువుతుండె, సరిచేసిన."

"తప్పంటే ఏం తప్పు?"

"రెండు, గీత, ఆరు అని రాసుంటే జూన్ రెండు అనాలె గద. రెండు గీత ఆరు అంటుండె."

"గట్ల చెప్పు మరి!" లతీఫ్ ముఖం వెలిగింది. ఒకప్పుడు ఊళ్లో సగం పెళ్లిపత్రికలు కొట్టిన వేళ్లు ఆయనవి. టకటకా టైపు చేశాడు: 'తేదీని తేదీ లెక్కనే చదువుతది. నిన్నటిదాక ఇంటి నంబరు చదివినట్టు చదివేది.' ఒకసారి పైకి చదువుకుని, తలూపి, అప్పుడు ఎక్కించాడు.

మహబూబ్‌నగర్ స్టేషన్ రోడ్డులో లతీఫ్ నెట్ సెంటర్ తెలియనివాళ్లు ఒకప్పుడు లేరు. ఇంటర్ ఫలితాల రోజున జనం మెట్లు దిగి రోడ్డు మీద నిలబడేవాళ్లు. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే, కొట్టులో ఈగలు తోలుకోవడమే. అయినా ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ కొట్టుకు కళ వచ్చేది. దానికి కారణం 'వినబడి'.

తెర మీద ఉన్న తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. లతీఫ్ కూతురు ఉజ్మాకు ఇంటర్ చదివేటప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. అప్పట్లో ఆమెకు దొరికిన గొంతులు తెలుగును పరాయి మనిషి నమిలి ఉమ్మినట్టు చదివేవి. గిట్ల, గట్ల, ఏంది అని రాసి ఉంటే గొంతు పట్టేసినట్టు ఆగిపోయేవి. తెలంగాణ వచ్చిన ఏడు సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చిన గ్లోరీని పట్టుకుని, "చెల్లె, నువ్వు కంప్యూటర్ చదివినవ్ గద, మా బిడ్డకు జర మనిషి లెక్క చదివే గొంతు చేయొస్తదా?" అని అడిగాడు లతీఫ్. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునేందుకు వచ్చే విజేందర్‌నూ అట్లాగే పట్టుకున్నాడు. ఇద్దరూ కుదిరితే ఓ నెల అనుకున్నారు. పదేళ్లు దాటిపోయింది. ఒక్కరూ రూపాయి అడగలేదు, ఒక్కరూ మానలేదు. గ్లోరీ దవాఖానలో చీటీలు రాసే కౌంటరులో ఆపరేటరు అయింది, విజేందర్ రోజూ రైలెక్కి షాద్‌నగర్ కంపెనీకి పోయి వస్తున్నాడు, ఉజ్మా హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ చెవిలో వినబడి పెట్టుకునే పని గడుపుకుంటోంది. ఆమె ఒక్కతే కాదు, ఎక్కడెక్కడో చూపులేని పిల్లలు దానితో పరీక్షలకు చదువుకుంటున్నారు.

ఇందరు చేసిన పనినంతా గుర్తుపెట్టుకునేది కొట్టు మూలన బల్ల కింద ఉన్న ఒక పాత కంప్యూటరు. ఎప్పుడు ఏం మారింది, ఎందుకు మారింది అన్నది అందులో వరసగా ఉంటుంది. ఏదైనా చెడితే నిన్నటికో మొన్నటికో వెనక్కి పోవచ్చు. వైరస్ భయంతో లతీఫ్ దానికి బయటి లైను ఇవ్వలేదు. అందుకే పని ఎక్కించాలంటే ఎవరైనా సరే కొట్టుకే రావాలి, ఆయనకు చెప్పాలి, ఆయనే టైపు చేయాలి. ఎవరికి వాళ్లకు వేరే లాగిన్ ఇవ్వమంటే కూడా ఒప్పుకోలేదు. నెట్ సెంటర్ నడిపినవాడికి పోలీసుల భయం ఎప్పుడూ ఉంటుంది మరి. "నా కొట్టు, నా పేరు. రేపు ఏదన్న అయితే మిమ్ముల గాదు, నన్ను అడగాలె" అనేవాడు. అట్లా ప్రతి మార్పూ లతీఫ్ పేరు మీదనే ఎక్కింది. అప్పుడు ఎవరికీ అది తప్పనిపించలేదు.

ఇప్పుడు కొట్టు పోతోంది. యజమాని ఆ జాగాను బిర్యానీ సెంటరుకు ఇచ్చేశాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి.

ఆ సంగతి మాట్లాడటానికే విజేందర్ వచ్చాడు. వెంట సాయికిరణ్. ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు, వినబడిలో చేరి ఏడాది కాలేదు. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది.

"రెండే తొవ్వలున్నయి భాయ్" అన్నాడు విజేందర్, కుర్చీ లాక్కుని. "ఒకటి, గీ పాత పద్ధతినే ఇంకెక్కడన్న కిరాయి మిషను మీద పెట్టుకునుడు. రెండోది గిట్ అనే కొత్త పద్ధతి. దాంట్ల పెడితే మొత్తం చరిత్ర అందరి కంప్యూటర్లల్ల ఉంటది. ఎవరింట్ల వాళ్లు కూసొని పని చేసుకోవచ్చు, ఒక్కటి ఖరాబైనా ఫికర్ లేదు."

"ఎవరింట్ల వాళ్లు కూసుంటే ఇగ కలిసేది ఎప్పుడు?" అంది గ్లోరీ.

"ఫోన్ల కలుస్తం."

"నేను పాతదానికే."

"నువ్వు ఎప్పుడు కొత్తదానికి ఉన్నవ్ గనుక!" అని నవ్వాడు విజేందర్. గ్లోరీ పాతదానికే అన్నప్పుడు లతీఫ్ భుజాలు కొద్దిగా సడలడం ఆమె చూసింది.

సాయికిరణ్ ల్యాప్‌టాప్‌ను బల్ల మీద అటు తిప్పాడు. "నిన్న ఊకె ట్రై చేసినం అంకుల్. పాత చరిత్ర తేలే. ఇప్పుడున్న ప్రోగ్రాం ఒక్కటి తెచ్చి కొత్తగ మొదలుపెట్టినం. చూడుండ్రి, ఎంత సాఫ్‌గ ఉందో."

నిజంగానే సాఫ్‌గా ఉంది. ఒకే ఒక్క వరుస. 'మొదలు' అని ఉంది. నిన్నటి తేదీ ఉంది. ఆ పక్కన విజేందర్ పేరు ఉంది.

గ్లోరీ ఆ వరుసను చూస్తూ ఉండిపోయింది. చంటిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒత్తులు సరిచేసిన ఆదివారాలు, జ్వరంతో వచ్చి పనిచేసిన ఆదివారాలు, అన్నీ నిన్ననే, విజేందరే, ఒక్క దెబ్బకు చేసేసినట్టు ఉంది. ఈర్ష్య అనుకుంటారేమోనని ముఖం పక్కకు తిప్పుకుంది.

విజేందర్ ముఖం ఎర్రబడింది. "నా ల్యాప్‌టాప్‌ల నుంచి ఎక్కించినం గద, అదే పెట్టుకుంది. నేను పెట్టుకోలే గ్లోరీ."

"మరి మనోళ్ల పేర్లు?" అన్నాడు లతీఫ్.

"పాతదాంట్ల అన్నీ మీ పేరు మీదనే ఉన్నయి అంకుల్" అన్నాడు సాయికిరణ్. మంచిగానే అన్నాడు, ఎగతాళిగా కాదు. "అవి తెచ్చినా తప్పే అయితది గద. ఎవరేం చేసిన్రో అందుల లేదు."

లతీఫ్ బల్ల కింది కంప్యూటరు వంక చూశాడు, గ్లోరీ వంక చూశాడు.

"అందుల లేదు, నాకు యాదికున్నది" అన్నాడు చివరికి. "వచ్చే ఆదివారం దాక ఆగుండ్రి. ఏది ఎవరు చేసిన్రో చెప్త. పేర్లు సరిచేసినంకనే ఏది కావాల్నో తేల్చుకుందం."

*

సోమవారం సాయంత్రం గ్లోరీ డ్యూటీ దిగి కొట్టుకు వచ్చేసరికి లతీఫ్ మొదలుపెట్టేసి ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. ఒక్కొక్క మాటా పైకి చదవడం, కళ్లు మూసుకోవడం, పేరు చెప్పడం. గ్లోరీ ఆ పేరు ఎక్కించడం.

"'పాలమూరును పాలు, మూరు అని ఇరగ్గొడుతుండె. అతికించినం.' గిది నీది. ఆ దినం నువ్వు సల్ల తెచ్చినవ్."

"సల్ల సంగతి గూడ యాదున్నదా అన్నా!"

"సల్ల యాదికుంటేనే గద పని యాదికొచ్చేది."

అన్నీ యాదికి రాలేదు. కొన్నిచోట్ల తడబడ్డాడు, కొన్ని తప్పు చెప్పాడు, గ్లోరీ దిద్దింది, ఇద్దరూ వాదులాడుకున్నారు. 'లక్ష దాక లెక్క వచ్చింది. కోటి ఇంక రాలే. కోటితోని మనకేం పని' అన్నది చదివినప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. 'కరెంటు పోయింది. సగమే ఎక్కింది' అని ఒకచోట ఉంది. 'అవ్వ అని రాస్తే ఏడ్సినట్టు రాగం తీస్తుండె. బంద్ చేసినం' అని ఇంకోచోట ఉంది. గ్లోరీకి విసుగు తెప్పించిన ప్రశ్నలన్నీ ఇప్పుడు జవాబులై వరసగా ఎదురొస్తుంటే ఆమె మనసు నీళ్లైపోయింది. ఆ పొద్దుకు ఈ పొద్దుకు ఎంత తేడా! అప్పుడు విజేందర్ మెడలో ఎర్ర కండువా ఉండేది, తనకు జడ నడుము దాకా ఉండేది, ఉజ్మా ఆ మూల స్టూలు మీద కూర్చుని చెవులు రిక్కించి వింటూ ఉండేది. ప్రోగ్రాం తప్పు చదివినప్పుడల్లా పిల్ల పకపకా నవ్వేది. ఆ నవ్వు ఆగేదాకా వీళ్లు పని ఆపేవాళ్లు కాదు.

ఎటూ తేలనివాటికి ఉజ్మాకే ఫోన్ చేశారు.

"ఒత్తులు మెత్తగ చేసింది ఎవరు బేటా, గ్లోరీనా, విజేందరా?"

"నేనే అబ్బా!" అంది ఉజ్మా అటునుంచి. "నేను పలికి చూపిచ్చిన, అక్క రాసింది. నా పేరు కూడ పెట్టుండ్రి." గ్లోరీ మారుమాట లేకుండా ఉజ్మా పేరే పెట్టింది.

బుధవారం విజేందర్ రైలు దిగి భుజాన సంచితోనే వచ్చాడు. మొదట నిలబడే చూశాడు. తర్వాత సంచి కింద పెట్టాడు. లతీఫ్ కావాలనే గొంతు సవరించుకుని చదివాడు: "'వారం సంది ప్రతి మాట రెండుసార్లు చదువుతాంది. ఎవరు చేసిన్రో ఒప్పుకుంటలేరు.'"

"ఛీ, ఇంకా ఉన్నదా అది!" అని తల పట్టుకున్నాడు విజేందర్. "నాదే భాయ్, రాసుకోండ్రి. ఇన్నేండ్లకు దొరికిన." లతీఫ్ భార్య లాడ్లీ బేగం పంపిన చాయ్ చల్లారిపోయేదాకా ముగ్గురూ అట్లా చదువుతూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు విజేందర్ చెప్పులు వేసుకుంటూ, "మొదలు అని ఒక్క మాట పెడితే గివన్నీ పోతుండె" అన్నాడు మెల్లగా. చరిత్ర మొత్తం తేవాలన్నది ఆ పూటే తేలిపోయింది. ఇక ఎందులో పెట్టాలన్నదే మిగిలింది.

గురువారానికి పని ఐపోయింది. గ్లోరీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి జరిపి చూసింది. విజేందర్, గ్లోరీ, ఉజ్మా, మళ్లీ గ్లోరీ, మధ్యలో వచ్చి పోయినవాళ్లు ఇంకొందరు. ఏదో వెలితి అనిపించి మళ్లీ పైకి పోయింది. అప్పుడు తెలిసింది. మొన్నటిదాకా ప్రతి వరుసలో ఉన్న లతీఫ్ పేరు ఇప్పుడు ఒక్కచోట కూడా లేదు.

"అన్నా, మీరెక్కడ?"

"నేనేం రాసిన చెల్లె? ఒక్క అక్షరం ప్రోగ్రాం రాయలే."

"అయితే మాత్రం? ఈ మాటలన్నీ ఎవరియి?"

"పేరు పెట్టే జాగ ఒక్కటే ఉన్నది గద. నాది తుడిస్తేనే మీది పడతది." కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నీ ముఖం ఆదివారం నాడు చూసిన. గట్ల కావద్దు ఎవరికి. నాకేం ఫికర్ లేదు, నువ్వు పరేషాన్ గాకు."

ఫికర్ లేదన్న మనిషి దీపాలు ఆర్పేటప్పుడు తెర వంక రెండుసార్లు చూశాడు. గ్లోరీకి ఆ చూపు ఇంటిదాకా వెంట వచ్చింది. తన పేరు తనకు వచ్చింది, మంచిదే. కొట్టు పోతోంది, కంప్యూటరు పోతోంది. ఆ మనిషి పదేళ్లు వీళ్ల మధ్య కూర్చున్నాడని చెప్పే గుర్తు కూడా పోతే, అది ఏం న్యాయం? అదీ తన కోసమే పోతే?

ఐనా పంతం వదల్లేదామె. పాత పద్ధతినే నిలబెట్టాలి, అది ఆయన పద్ధతి. శుక్రవారం దవాఖానలో మధ్యాహ్నం చీటీల వరుస తగ్గాక, టిఫిన్ డబ్బా ఒక పక్కకు జరిపి, తన పాత ల్యాప్‌టాప్‌లో గిట్ తెరిచింది. ఆదివారం విజేందర్‌తో కొట్లాడటానికి దాంట్లో నాలుగు తప్పులన్నా పట్టాలని ఆమె పట్టుదల. మార్పు ఒకటి చేసి ఎక్కించింది. ఎట్లా గుర్తుపెట్టుకుందో చూద్దామని లోపల వెతికింది. ఉన్నదున్నట్టు మొత్తం చూపించమని అడిగింది.

చూపించింది. తేదీ, కారణం, పేరు. దాని కింద మళ్లీ అదే పేరు.

ఆమె ముందు పొరపాటేమో అనుకుంది. మళ్లీ అడిగింది. పొరపాటు కాదు. గిట్‌లో ప్రతి మార్పుకూ పేరు పెట్టే జాగాలు రెండు. రాసినవాళ్లది ఒకటి, దాన్ని తీసుకుని లోపలికి చేర్చినవాళ్లది ఒకటి. ఒకరు రాస్తే ఇంకొకరు చూసి ఎక్కించడం లోకంలో అందరూ చేసే పనేనట, అందుకే మొదటినుంచీ అట్లా పెట్టారట.

"అమ్మా, చీటీ రాస్తవా, కూసొని ఏడుస్తవా?" అంది కిటికీ అవతలి నుంచి ఒక ముసలమ్మ.

"రాస్తున్న అవ్వా, రాస్తున్న" అంది గ్లోరీ, కళ్లు తుడుచుకుని నవ్వుతూ.

*

ఆదివారం కొట్టులో సగం సామాను అప్పటికే కట్టేసి ఉంది. విజేందర్ వాదనకు సిద్ధమై వచ్చాడు. కిరాయి మిషను ఎందుకు వద్దో చెప్పడానికి గొంతు సవరించుకున్నాడో లేదో, గ్లోరీ అడ్డం వచ్చింది.

"గిట్ పెడదం."

విజేందర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. సాయికిరణ్ గ్లోరీని ఎగాదిగా చూశాడు. లతీఫ్ కడుతున్న మూట ముడి వదిలేసి నిలబడ్డాడు.

"నువ్వు గూడనా చెల్లె?" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. చాలా మామూలుగా అన్నాడు, అందుకే గ్లోరీకి పొడుచుకుంది. ఈ వారమంతా ఆ మనిషి లోలోపల తనొక్కదాన్నే నమ్ముకుని ఉన్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఇటు రాండ్రి అన్నా. కూసోండ్రి" అని తన ల్యాప్‌టాప్ ముందు కుర్చీ వేసింది. పాత కంప్యూటరులోని చరిత్రనంతా నిన్ననే గిట్‌లోకి తెచ్చి పెట్టుకుంది. సరిచేసిన పేర్లు ఒక జాగాలో పడేట్టు, తుడిచేసిన లతీఫ్ పేరు మళ్లీ రెండో జాగాలో పడేట్టు చిన్న ప్రోగ్రాం రాసుకుంది. తెర మీద మొదటి మార్పు తెరిచింది.

రాసినది విజేందర్. చేర్చినది లతీఫ్.

ఇంకొంచెం జరిపింది. రాసినది గ్లోరీ, చేర్చినది లతీఫ్. పాలమూరును అతికించిన రోజు. కరెంటు పోయిన రోజు. రాసినది ఉజ్మా, చేర్చినది లతీఫ్. ఆయన నోటి మాటలు ఆయన టైపు చేసినవి చేసినట్టే కింద ఉన్నాయి.

లతీఫ్ తనే వేలితో జరుపుకుంటూ పోయాడు. ఉజ్మా పేరు పక్కన తన పేరు వచ్చినచోట మాత్రం వేలు ఆగింది.

"పాతదాంట్ల ఒక్క జాగనే ఉన్నదన్నా" అంది గ్లోరీ. "మీరు ఉంటే మేము లేము, మేముంటే మీరు లేరు. గందుకే నేను దానికి లేను."

విజేందర్ కుర్చీ వెనకాల నిలబడి ముక్కు చీదుకున్నాడు. "కొట్లాడుదమని వస్తే కొట్లాటే లేకపాయె" అన్నాడు.

సాయికిరణ్ ఒక్కడే కొంచెం ఇబ్బందిగా కదిలాడు. అబద్ధం చెప్పలేని పిల్లగాడు. "అక్కా, రెండో పేరు ఊకె కనబడది గద. మామూలుగ చూస్తే రాసినోళ్లదే చూపిస్తది. గట్టిగ అడిగితేనే రెండోది చూపిస్తది."

"తెలుసు" అంది గ్లోరీ. ఆ ఒక్కటే ఆమెకూ మనసులో గుచ్చుతున్నది.

లతీఫ్ మాత్రం నవ్వేశాడు. "కనబడకుంటే ఏమాయె? ఉన్నది గద. అడిగెటోళ్లు ఎవరున్నరు, అడిగి చూసెటోళ్లు ఎవరున్నరు! చాలు తమ్మి, చాలు" అన్నాడు. లేచి, బల్ల కింద వంగి, ఎవరినీ అడగకుండా తన చేత్తోనే పాత కంప్యూటరు బంద్ చేశాడు. పదేళ్లుగా వింటున్న ఆ గుయ్‌మనే చప్పుడు ఆగిపోయేసరికి కొట్టు పెద్దదైనట్టు అనిపించింది. నలుగురూ కలిసి బల్లలు బయటికి మోశారు.

సోమవారం పొద్దున దవాఖాన కౌంటరు ముందు వరుస గేటు దాకా ఉంది. గ్లోరీ ఫోను మోగింది. లతీఫ్. ఈ వేళప్పుడు ఆయన ఎప్పుడూ చేయడు. కంగారుగా ఎత్తింది.

"ఏమైందన్నా, అంత మంచిదేనా?"

"మంచిదే, మంచిదే. బిజీ ఉన్నవా?" గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, పక్కన ఎవరో ఉన్నట్టుంది. "నిన్న ఆ పిల్లగాడు అనలే, గట్టిగ అడిగితే రెండో పేరు చూపిస్తదని. ఏమని అడగాల్నో జర రాసి పంపు."

"ఎందుకన్నా?"

లతీఫ్ గొంతు ఇంకా తగ్గించాడు.

"లాడ్లీకి చూపియ్యాలె. పదేండ్ల సంది ఒక్క ఆదివారం ఇంట్ల లేకపోతివి, ఆడ ఏం జేసినవ్ అని అడుగుతాంది. నా పేరు ఉన్నదంటే నమ్ముతలేదు."

గ్లోరీ వరుసలో ముందున్న మనిషికి చేత్తోనే ఒక్క నిమిషం అని చెప్పింది. ఫోను రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క కూడా తప్పు పోకుండా, ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ టైపు చేయసాగింది.